దూరం, చీకటి, కదలిక: మొదటి డిఎస్ఎల్ఆర్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

మా బావమరిది కావలిలో ఉంటాడు. పోయిన దసరాకి ముందు ఒకరోజు రాత్రి పదిన్నరకి ఫోన్ చేసి "బావా, 24 మెగాపిక్సెల్ తీసుకోమంటావా, 18ది తీసుకోమంటావా" అన్నాడు. నేను సగం నిద్రలో ఉండి ఏందబ్బయా, ఫోనా అన్నా. "ఫోను కాదు బావా, కెమెరా, డిఎస్ఎల్ఆర్, లెన్సులు మార్చుకునే పెద్దది" అన్నాడు. అప్పటికే వాడు ఓ ఇరవై వీడియోలు చూసున్నాడు, ఒకడు కెనాన్ కొనమన్నాడంట, ఇంకొకడు నికానే కొనమన్నాడంట, మూడోవాడు డిఎస్ఎల్ఆర్‌ల పని అయిపోయింది, వాటి తర్వాత వచ్చిన మిర్రర్‌లెస్ రకం కొనుక్కోండి అన్నాడంట, వాళ్ళ వీధి చివర స్టూడియో ఆయనేమో "ముందు బాడీ, అంటే లెన్సు లేని ఉత్త కెమెరా, మంచిది తీసుకో, లెన్సులు తర్వాత నిదానంగా కొనుక్కోవచ్చులే" అన్నాడంట. నేను ఒకటే అడిగా, ఏం ఫోటోలు తీస్తావు అని. "అన్నీ" అన్నాడు.

ఈ "అన్నీ" దగ్గరే చిక్కంతా మొదలవుద్ది. అన్నీ తీసే కెమెరా లేదు, లక్షలు పోసినా లేదు. ఏ ఫోటో అయినా మన చేత డబ్బు ఖర్చు పెట్టించేవి మూడే మూడు: తీసేది దూరంగా ఉందా, చీకట్లో ఉందా, కదులుతా ఉందా. ఈ మూడిట్లో ఒక్కటే ఉంటే చవగ్గా అయిపోద్ది, రెండు కలిస్తే జేబు తడుముకోవాలి, మూడూ ఒకేసారి వచ్చి పడితే పొలం కాయితాలు బయటికి తియ్యాల్సిందే. కంపెనీ పేర్లు, మెగాపిక్సెళ్ళు, మోడల్ నంబర్లు అన్నీ దీని తర్వాతే.

మన నెల్లూరు పక్క ఉదాహరణలే చూడండి. పెన్న ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురం తియ్యాలనుకోండి, అది కదలదు, దగ్గరికి పొయ్యి నిలబడొచ్చు, పొద్దున పూట వెలుతురు బ్రహ్మాండంగా ఉంటది, మూడిట్లో ఒక్కటీ లేదు, అంటే కెమెరాతో పాటు డబ్బాలో వచ్చే లెన్సు, కిట్ లెన్సు అంటారు, అది చాలు. రాత్రిపూట శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే నెల్లూర్లో మిద్దె మీద నుంచే చూస్తాం కదా, దాని ఎర్రటి గీత ఆకాశంలో వంపు తిరిగి పొయ్యేది తియ్యాలనుకోండి, దానికేదో పెద్ద లెన్సు కావాలనుకుంటారు అందరూ, ఏం అక్కర్లేదు, ఇక్కడ కదలికని ఆపాల్సిన పని లేదు, ఆ గీత రావాలంటే అది కదలాలి కూడా. కెమెరాని ట్రైపాడ్, అంటే మూడు కాళ్ళ స్టాండు మీద పెట్టి, లెన్సుని అన్నిటికన్నా వెడల్పుగా 18 ఎంఎం దగ్గర పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100 చేసి, అపర్చర్ (లెన్సు నోరు) బాగా మూసి, షట్టర్‌ని (సెన్సర్ ముందుండే తలుపు) రెండు మూడు నిమిషాలు తెరిచి ఉంచితే గీత దానంతటదే పడద్ది. ఇక్కడ డబ్బు పెట్టాల్సింది ట్రైపాడ్ మీద, చేత్తో తాకకుండా నొక్కే చిన్న రిమోట్ మీద. లెన్సు అదే, డబ్బాలోదే.

అదే స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ అయితే లెక్క మారిపోద్ది. జనం నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకుంటా ఉంటారు, పొద్దు గూకే టైములో అయితే వెలుతురు ఉండీ లేనట్టు ఉంటది, మొహాలు దగ్గర్లోనే ఉంటాయి గానీ చేతులు ఆగవు. చీకటి, కదలిక, రెండు కలిసినయ్. ఇంక బళ్ళో వార్షికోత్సవం రాత్రి తొమ్మిదింటికి స్టేజీ మీద మన పిల్ల డాన్సు, మనకి కుర్చీ పదిహేనో వరసలో. అది దూరం, అది చీకటి, అది కదలిక. చూడ్డానికి ఏముందిలే అనిపిస్తది గానీ మామూలు మనిషికి ఎదురయ్యే ఫోటోల్లో ఇదే అన్నిటికన్నా కష్టం, దీనికి సరైన లెన్సు 70-200 ఎఫ్ 2.8 (ఈ అంకెల సంగతి కిందే చెప్తా), కొత్తది కొనాలంటే మంచి బైకు రేటు. (పిల్లల డాన్సు కోసం అయితే గమ్మున ముందు వరసలో టీచరమ్మని బతిమాలి కూర్చోవడం మేలు, దూరం అనే ఖర్చు ఉచితంగా పోద్ది.)

ఇప్పుడు లెన్సు మీద అంకెలు చదవడం నేర్చుకుందాం, కెమెరా డబ్బా మీద అంకెల కన్నా ఇవి ముఖ్యం. మామూలుగా కిట్ లెన్సు మీద 18-55 అనీ, 3.5-5.6 అనీ ఉంటది. మొదటి జత దూరం సంగతి చెప్తది, 18 అంటే వెడల్పుగా ఇల్లంతా పడద్ది, 55 అంటే కొంచెం దగ్గరికి లాక్కుంటది. రెండో జత చీకటి సంగతి చెప్తది. 18 దగ్గర ఉన్నప్పుడు లెన్సు నోరు ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటది, 55కి జూమ్ చేసేసరికి 5.6 దాకానే తెరుచుకుంటది, అంకె పెరిగే కొద్దీ నోరు చిన్నదవుద్ది, అందరికీ తలకిందులుగా అనిపించేది ఇక్కడే. ఎందుకట్టా అంటే ఆ అంకె ఒక భాగహారం, లెన్సు ఎంఎంని నోటి వెడల్పుతో భాగిస్తే వచ్చేది. 50 ఎంఎం లెన్సు ఎఫ్ 1.8 దగ్గర నోరు అడ్డంగా దాదాపు 28 ఎంఎం ఉంటది, అదే 50 ఎంఎం ఎఫ్ 5.6 దగ్గర 9 ఎంఎం. వెలుతురు పడేది ఆ నోటి వైశాల్యాన్ని బట్టి, అంటే వెడల్పు మూడింతలైతే వెలుతురు తొమ్మిదింతలు, కచ్చితంగా లెక్కేస్తే తొమ్మిదిన్నర పైనే. రోలు నోట్లో పడే వానకీ చెంబు నోట్లో పడే వానకీ ఉండే తేడా అది.

ఆ తొమ్మిది పదింతలు ఏం చేస్తదో ఇంట్లో చూస్తే తెలుస్తది. మా కోడలు పిల్ల పుట్టినరోజు, లైట్లు ఆర్పి కొవ్వొత్తి ఊదించే టైము. కిట్ లెన్సుని 50 దగ్గర పెట్టి తీస్తే కెమెరా షట్టర్‌ని 1/20 సెకను తెరిచి ఉంచాలని అడిగిందనుకోండి, ఆ 1/20లో పిల్ల మొహం నాలుగు మొహాలవుద్ది. అదే చోట, అదే ఐఎస్ఓలో ఎఫ్ 1.8 లెన్సు పెడితే 1/200 దగ్గర వచ్చేస్తది, ఊదే బుగ్గలు ఊదినట్టే నిలబడతాయి. బాడీ మార్చలేదు, మెగాపిక్సెల్ పెరగలేదు, లెన్సు ఒక్కటే మారింది. ఈ 50 ఎంఎం ఎఫ్ 1.8 అనేది ఎఫ్ అంకె తక్కువుండే లెన్సుల్లో అన్నిటికన్నా చవకైంది, కెనాన్‌ది ఇప్పుడొచ్చే ఎస్‌టిఎం రకం 2015లో వచ్చింది, దాని ముందుది 1990 నుంచీ పాతికేళ్ళు అమ్మారు. జూమ్ ఉండదు, దగ్గరికి కావాలంటే మనమే నడవాలి.

ఇక్కడ ఒక మోసం ఉంది, నిజానికి మోసం కాదు మన తొందరపాటు. లెన్సు మీద ఐఎస్ అనో వీఆర్ అనో ఉంటే "చీకట్లో కూడా బాగా వస్తది" అనుకుంటారు. కెనాన్ ఐఎస్ అంటది, నికాన్ వీఆర్ అంటది, రెండూ ఒకటే, అది మన చెయ్యి వణుకుని సర్దుద్ది, అంతే. ఎదురుగా పిల్ల కదిలితే దానికేం తెలీదు. గుడి మండపంలో స్తంభం తీస్తే అది దేవుడిచ్చిన వరం, పరిగెత్తే పిల్లకి పనికిరాదు. అదే దూరం లెన్సు అయితే మాత్రం అది ఉండి తీరాలి, ఎందుకంటే 300 ఎంఎం దగ్గర మన ఊపిరి కూడా ఫోటోలో కనపడద్ది. నికాన్‌లో ఏఎఫ్-పి 70-300 వీఆర్ ఉన్నదీ లేనిదీ రెండు రకాలొచ్చినయ్, చూడ్డానికి పేరు ఒకటే, వీఆర్ అనే రెండక్షరాలే తేడా, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు చాలామంది ఈడే బోల్తా పడతారు. కెనాన్‌లో కూడా 75-300 అని ఒక పాత లెన్సు చవగ్గా తగులుద్ది, అంకె పెద్దది కదా అని కొనొద్దు, 55-250 ఐఎస్ ఎస్‌టిఎం అంకె చిన్నదైనా ఫోటో దానికన్నా శానా నీటుగా ఉంటది.

తర్వాత క్రాప్ అనే మాట. పాత ఫిల్ము గడి 36 బై 24 ఎంఎం, అంత సెన్సర్ (ఫిల్ము బదులు వెలుతురు పట్టే చిప్పు) ఉంటే ఫుల్ ఫ్రేమ్ అంటారు, అవి ఖరీదు. మనం మొదట కొనేవాటిలో సెన్సర్ చిన్నది, నికాన్‌లో అడ్డం 23.5 ఎంఎం, కెనాన్‌లో 22.3. చిన్న కిటికీలో నుంచి చూసినట్టు, అదే లెన్సు అయినా బొమ్మలో అంచులు కత్తిరించి నడిమి భాగమే పడద్ది, క్రాప్ అనేది దీన్నే. అందుకే నికాన్‌లో ఏ లెన్సు ఎంఎం అయినా 1.5తో, కెనాన్‌లో 1.6తో గుణించుకోమంటారు. ఈ గుణకారాలు కంఠస్తం చేసే బదులు నేను ఒక చిన్న లెక్క వాడతా. ఎంత దూరంలో ఉన్నారో దాన్ని సెన్సర్ అడ్డం కొలతతో గుణించి లెన్సు ఎంఎంతో భాగిస్తే ఫోటోలో ఎంత వెడల్పు పడుద్దో తెలిసిపోద్ది.

మన హాలు ఎంత, పన్నెండు అడుగులు అనుకోండి, గోడకి ఆనుకుని నిలబడినా పది అడుగుల దూరం కన్నా దొరకదు. కెనాన్ క్రాప్ కెమెరాకి 50 ఎంఎం పెడితే పది అడుగుల దగ్గర నాలుగున్నర అడుగుల వెడల్పు పడద్ది, అంటే ఇద్దరు, సర్దుకుని కూర్చుంటే ముగ్గురు. అమ్మా నాన్న అక్క బావ పిల్లలు అందరూ రావాలంటే 50 పెట్టుకుని వీధిలోకి పోవాలి. 18 దగ్గర అదే చోట పన్నెండు అడుగులు వస్తది. అందుకనే అందరూ 50 కొను 50 కొను అంటా ఉంటే నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు, ఆ మాట ఫుల్ ఫ్రేమ్ రోజుల్లోది, ఫిల్ము కెమెరాల్లో 50 అంటే మన కంటి చూపుకి దగ్గర, క్రాప్ మీద అది మొహాలు తీసే లెన్సు అయిపోయింది. మన ఇళ్ళకి క్రాప్ మీద 35 సరిపోద్ది. నికాన్ ఏఎఫ్-ఎస్ డిఎక్స్ 35 ఎంఎం ఎఫ్ 1.8 అని 2009లో తెచ్చింది, పది అడుగుల దగ్గర ఆరున్నర అడుగుల పైన పడద్ది, చీకట్లోనూ తీస్తది, ఆ ఒక్క లెన్సు కోసం నికాన్ కొన్నవాళ్ళు ఉన్నారు, నేను తప్పు పట్టను. కెనాన్‌లో అంత చవకలో 24 ఎంఎం ఎఫ్ 2.8 పలచటిది ఉంది, రొట్టె ముక్కంత ఉంటది, ఎఫ్ 1.8 అంత వెలుతురు తీసుకోదు గానీ హాల్లో అందరూ పడతారు.

అదే లెక్క సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు పక్షుల చెరువుకి తీసుకుపొయ్యి వెయ్యండి. సూళ్ళూరుపేట ఇప్పుడు తిరుపతి జిల్లా అంటున్నారు గానీ మనకి అది ఎప్పుడూ మనదే అనుకోండి. చలికాలం వస్తే ఆ చెరువులో చెట్ల మీద పెలికాన్లు, మనవాళ్ళు గూడబాతులంటారు, కూర్చోనుంటాయి. యాభై మీటర్ల దూరంలో ఉందనుకుందాం, 55 ఎంఎం దగ్గర ఫోటోలో 21 మీటర్ల వెడల్పు పడద్ది, మీటరున్నర కూడా లేని పక్షి దాంట్లో మల్లెమొగ్గంత ఉంటది. 300 పెడితే వెడల్పు నాలుగు మీటర్లకి తగ్గుద్ది, పక్షి ఫోటోలో మూడో వంతు నిండుద్ది, ముక్కు కింద సంచి కూడా కనపడద్ది. పగలు పది గంటలకి వెలుతురు దండిగా ఉంటది కాబట్టి ఎఫ్ 6.3 అయినా పర్లేదు. అంటే దూరం ఒక్కటే ఉన్నప్పుడు 70-300, 55-250 లాంటి మామూలు లెన్సుతో పని జరిగిపోద్ది. పులికాట్‌లో ఫ్లెమింగోలు మాత్రం వేరే కథ, అవి నీళ్ళలో యాడో మూడొందల మీటర్ల అవతల నిలబడతాయి, 300తో తీస్తే 23 మీటర్ల వెడల్పు పడద్ది, గులాబీ చుక్కలే. 600 పెట్టినా పన్నెండు మీటర్లు. కాబట్టి ఫ్లెమింగో మొహం కోసం లెన్సు కొనకండి, గుంపుని గుంపుగానే తియ్యండి, కింద నీళ్ళు పైన ఆకాశం పెట్టి తీస్తే అదే బాగుంటది.

ఒంగోలు పక్క సంక్రాంతికి జరిగే బండలాగుడు కూడా మనోళ్ళు తీస్తా ఉంటారు. అది పగలు, దూరం ఎంతో ఉండదు, కదలిక ఉంది గానీ బండ లాగే ఎద్దులు పరుగుపందెం గుర్రాలు కావు, 1/500 పెడితే కండలు, గిట్టల కింద లేచే మట్టి అన్నీ ఆగిపోతాయి. దీనికీ ఆ 55-250 చాలు. మట్టి లేస్తా ఉన్నప్పుడు మాత్రం లెన్సు మార్చొద్దు, లోపల సెన్సర్ మీద దుమ్ము పడితే తర్వాత తీసే ప్రతి ఆకాశంలోనూ అదే మచ్చ.

ఇంత చెప్పాక మెగాపిక్సెళ్ళ సంగతి నాలుగు ముక్కల్లో అయిపోద్ది. మన పక్క పెళ్ళి ఆల్బమ్ షీటు 12 బై 36 అంగుళాలు, మడిస్తే ఒక పేజీ 12 బై 18. మంచి ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు వేసుకుంటే ఆ పేజీకి 3600 బై 5400, అంటే 19 మెగాపిక్సెల్ చిల్లర. 24 మెగాపిక్సెల్ కెమెరా 6000 బై 4000 ఇస్తది. పెళ్ళి ఆల్బమ్ పేజీ నిండా ఒక్క ఫోటో వేసినా ఇంకా మిగులుద్ది, వాట్సాప్‌లో పంపేదానికి 2 మెగాపిక్సెల్ ఎక్కువ. 18 అయినా 24 అయినా మా బావమరిది జీవితంలో తేడా కనిపెట్టలేడు.

బాడీలో నిజంగా చూసుకోవాల్సింది మౌంటు, అంటే లెన్సు తగిలించే మూతి. ఒకసారి కెనాన్ అంటే లెన్సులన్నీ కెనాన్‌కి సరిపడేవే కొనాలి, నికాన్ అంటే నికాన్‌కి సరిపడేవే, అందుకే బాడీ కన్నా ముందు మీకు కావాల్సిన లెన్సు ఎవరి దగ్గర చవగ్గా ఉందో చూసుకోమనేది. కెనాన్ ఈఎఫ్ మౌంటు 1987లో పుట్టింది, ఆ లెన్సులన్నిటిలో ఫోకస్ మోటారు లెన్సులోనే ఉంటది, కాబట్టి ఏ ఈఎఫ్ లెన్సు తెచ్చి క్రాప్ డిఎస్ఎల్ఆర్‌కి తగిలించినా ఫోకస్ దానంతటదే అవుద్ది. లెన్సు మీద ఎర్ర చుక్క ఉంటే ఈఎఫ్, తెల్ల చదరం ఉంటే ఈఎఫ్-ఎస్, ఈ రెండోది క్రాప్ కెమెరాలకే, ఫుల్ ఫ్రేమ్‌కి పట్టదు. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నాటిది, పాత లెన్సులు కుప్పలు కుప్పలుగా దొరుకుతాయి, కానీ ఆడ ఒక మెలిక ఉంది, ఆ మెలిక నేను డబ్బు కట్టి నేర్చుకున్నా.

నా మొదటి కెమెరా నికాన్ డి3200. ఏడాది తర్వాత ఒకాయన దగ్గర 50 ఎంఎం ఎఫ్ 1.8 పాతది ఉందంటే, రేటు కూడా సగానికి సగం ఉంటే, లెన్సుని లైటుకి పెట్టి చూసి గీత లేదు బూజు లేదు అని సంబరపడి తెచ్చుకున్నా. ఇంటికొచ్చి తగిలిస్తే చక్కగా పట్టింది, నొక్కితే ఫోకస్ లేదు. చప్పుడు కూడా లేదు. అమ్మినాయన తప్పేం లేదు, లెన్సు బాగానే ఉంది. పాత ఏఎఫ్ రకం, డి అక్షరం ఉండే ఏఎఫ్ లెన్సుల్లో మోటారు ఉండదు, బాడీలో ఉండే మోటారు ఒక స్క్రూతో దాన్ని తిప్పాలి, ఆ మోటారు డి7000 వరస బాడీల్లో ఉంటది గానీ డి3000, డి5000 వరసల్లో పెట్టలేదు. నేను ఆ లెన్సుని ఆరు నెలలు చేత్తో తిప్పుకుంటా వాడా, మా అమ్మ కోడికి గింజలేసే ఫోటో ఒకటి మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, మిగిలినవన్నీ చెవి మీద ఫోకస్. అందుకే డి3500, డి5300, డి5600 లాంటివి కొనేవాళ్ళు లెన్సు మీద ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పి గానీ ఉందా లేదా చూడండి. మళ్ళీ దాంట్లో పిల్లమెలిక, ఏఎఫ్-పి లెన్సులు డి3200, డి3100, డి5100 లాంటి పాత బాడీల మీద ఫోకస్ అవ్వవు. పాత బాడీ అయితే ఏఎఫ్-ఎస్ కొనుక్కుంటే ఏ గొడవా లేదు.

ఇక మూడో వీడియో ఆయన చెప్పిన సంగతి. డిఎస్ఎల్ఆర్ లోపల ఒక అద్దం ఏటవాలుగా ఉంటది, లెన్సు నుంచొచ్చే బొమ్మని పైకి తిప్పి మన కంటికి చూపిస్తది, నొక్కగానే అద్దం పైకి లేచి వెలుతురు సెన్సర్ మీద పడద్ది, ఆ టక్ చప్పుడు అద్దానిది, షట్టర్‌ది కలిసి. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు, సెన్సర్ చూసేదే చిన్న తెర మీద మనకి చూపిస్తది. ఆయన చెప్పింది అబద్ధం కాదు, కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డిఎస్ఎల్ఆర్ మోడల్ తేలేదు, రెండు కంపెనీలూ 2018లో మొదలుపెట్టిన కొత్త మౌంట్ల మీదే పడ్డాయి, సోనీ 2021లో వాళ్ళ డిఎస్ఎల్ఆర్ వరస ఆపేసింది, ఇంకా పట్టుకుని వేలాడేది పెంటాక్స్ ఒక్కటే. మిర్రర్‌లెస్ మనిషి కన్ను ఎక్కడుందో చూసి దానిమీదే ఫోకస్ పెడతది, వీడియోకి అయితే పోలికే లేదు. మీరు వీడియోనే ముఖ్యం అనుకుంటే ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి మిర్రర్‌లెస్ కొనుక్కోండి, నిజంగా.

కానీ అందరూ అటు పరిగెత్తబట్టే డిఎస్ఎల్ఆర్ ఇప్పుడు చవక. పెళ్ళి ఫోటోగ్రాఫర్లు పాత సామాను అమ్మేసుకుంటున్నారు, అదే డబ్బుకి కొత్త మిర్రర్‌లెస్‌లో బాడీ, కిట్ లెన్సు వస్తే పాత డిఎస్ఎల్ఆర్‌లో బాడీ, కిట్ లెన్సు, ఎఫ్ 1.8, దూరం లెన్సు అన్నీ వస్తాయి. పైన చెప్పిన మూడిట్లో రెండు ఖర్చులు తీరిపోయినట్టే. బ్యాటరీ కూడా, డి3500కి ఒక చార్జింగుతో 1550 ఫోటోలని కంపెనీ లెక్క, చిన్న మిర్రర్‌లెస్‌లు మూడు నాలుగొందల దగ్గర తిరుగుతుంటాయి. రేపు మిర్రర్‌లెస్‌కి మారినా కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ (పాత లెన్సుకీ కొత్త మౌంటుకీ మధ్య పెట్టే రింగు) పెడితే కొత్త బాడీ మీద ఫోకస్‌తో సహా పనిచేస్తాయి, నికాన్‌లో కూడా ఏఎఫ్-ఎస్ లెన్సులు పనిచేస్తాయి, నేను కొన్న ఆ పాత స్క్రూ రకం మాత్రం ఆడ కూడా చేత్తో తిప్పుకోవాల్సిందే. నా అభిప్రాయం అడిగితే, నేర్చుకునే రోజుల్లో కొత్త బాడీ ఒకటి కన్నా పాత బాడీ, మంచి లెన్సులు రెండు మేలు, స్టూడియో ఆయన చెప్పినదానికి సరిగ్గా ఎదురు.

పాతది కొనేటప్పుడు సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని పోండి. లెన్సు వెనక నుంచి లైటు వేసి ముందు నుంచి చూస్తే బూజు ఉంటే సాలెగూడు దారాల్లాగా కనపడద్ది, ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. తర్వాత అపర్చర్ 16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫోటో తీసి జూమ్ చేసి చూడండి, సెన్సర్ మీద దుమ్ము ఉంటే బూడిద మచ్చలు తెలుస్తాయి, అది తుడిపించుకోవచ్చు, దాన్ని చూపించి రేటు తగ్గించమని అడగొచ్చు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నికాన్ అయితే తీసిన ఫోటో ఫైల్లోనే ఉంటది, ఆన్‌లైన్‌లో ఆ ఫైలు పెడితే చెప్పేస్తది, కెనాన్‌లో చాలా మోడళ్ళకి అంత తేలిగ్గా దొరకదు. డి3500 లాంటి చిన్న బాడీల షట్టర్‌ని లక్ష సార్లకి పరీక్షించామని కంపెనీ చెప్తది, పెళ్ళిళ్ళలో తిరిగిన బాడీ అయితే రెండు సీజన్లలో అది దాటేస్తది, లక్ష దాటితే ఆగిపోద్దని కాదు, రేటు ఆ లెక్కన ఉండాలి. కొత్తది కొనేవాళ్ళు కెనాన్ 3000డి చవగ్గా ఉందని దాని జోలికి పోవద్దు, లెన్సు తగిలించే మూతి ప్లాస్టిక్, ఇంకొంచెం పెట్టి 1500డి తీసుకుంటే అది లోహం. 200డి మార్క్ 2 బాగుంటది, పిల్లలు ఎత్తగలిగేంత తేలిక, కానీ దాని ఫ్లాష్ పెట్టే చోట నడిమి పిన్ను తీసేశారు, స్టూడియో వాళ్ళు వాడే చవక ఫ్లాషులు దాని మీద వెలగవు.

ఆఖర్న మన ఊరి గాలి గురించి. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల సాయంత్రం నిలబడితే పెదాల మీద ఉప్పు తెలుస్తది కదా, అదే కెమెరా మీద కూడా పడద్ది. ఇంటికొచ్చాక తడి గుడ్డతో బాడీ తుడిచి పొడి గుడ్డతో మళ్ళీ తుడవాలి, లెన్సు అద్దాన్ని మాత్రం ముందు ఊది, తర్వాతే మెత్తటి గుడ్డ పెట్టాలి, లేకపోతే ఇసక రేణువే గీత పెట్టుద్ది. బూజుకి చీకటి, చెమ్మ, గాలాడని చోటు అంటే ప్రాణం, అంటే మనం కెమెరా దాచే బీరువానే. గాల్లో తేమ అరవై శాతం దాటితే దానికి పండగ, మన కోస్తాలో వానాకాలం మొత్తం దాటే ఉంటది. గట్టిగా మూత పట్టే ప్లాస్టిక్ డబ్బా, దాంట్లో సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న తేమ మీటరు, మొత్తం కలిపి వెయ్యి రూపాయల లోపు పని. మీటరు 40, 50 మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. మా అత్త సలహా ప్రకారం బియ్యం డబ్బాలో మాత్రం పెట్టొద్దు, నెల్లూరు బియ్యం అన్నానికి ఎంత పేరున్నా చెమ్మ పీల్చడంలో దానికేం పేరు లేదు, పైగా తవుడు పొడి జూమ్ రింగులోకి పోద్ది.

మా వాడు చివరికి "అన్నీ" కాస్తా కుదించి, ఇంట్లో రెండేళ్ళ కూతురు, రొట్టెల పండగ, తుమ్మలపెంట సముద్రం అన్నాడు. దగ్గర, చీకటి, కదలిక. పాత నికాన్ డి5300, దాంతో 18-55, కొత్తది 35 ఎఫ్ 1.8 తీసుకున్నాడు, అనుకున్న డబ్బులో ట్రైపాడుకి కూడా మిగిలింది. నెల రోజులు పిల్ల ఫోటోలు పంపాడు, అన్నిట్లో ముక్కు ఒక్కటే ఫోకస్‌లో ఉండి కళ్ళు మసక, ఎఫ్ 1.8లో మరీ దగ్గరికి పోతే అట్టనే అవుద్ది, 2.8 పెట్టి రెండడుగులు వెనక్కి జరగమన్నా. ఇప్పుడు బాగానే వస్తన్నాయి. మొన్న రాత్రి మళ్ళీ పదిన్నరకే ఫోను, "బావా, నేలపట్టు పోతన్నాం, 150-600 ఎంతుంటది?"